జేబులో నెత్తళ్ళు

కాన్వెంట్ జంక్షన్‌లో నేను చెయ్యెత్తితే
లారీ ఆగుతుంది.
దాని వెనక ట్యాంకరు, ఆ వెనక ఓ పెళ్ళి బస్సు,
అన్నీ నా అరచేతిని చూసి ఊపిరి బిగపట్టుకుంటాయి.
ఇంటికొస్తే
అదే అరచేతిలో పట్టేంత కుక్కపిల్ల
"కూర్చో" అంటే
నా చెప్పుల వైపు నడుస్తుంది.

వాన రాత్రి ఓ టైరు పక్కన దొరికింది.
ఒళ్ళంతా హార్బరు నుసి.
కడిగితే తెల్లబడుతుందనుకున్నా.
మూడు బకెట్లయ్యాక తెలిసింది, దాని రంగే అంత.
బొగ్గు అని పేరు పెట్టాను.

మొదటి వారం డ్యూటీ గొంతుతోనే మాట్లాడాను.
కూర్చో. ఆగు. వద్దు. రా.
ఒకసారి విజిల్ కూడా ఊదాను, సిగ్గు విడిచి చెబుతున్నా.
అది మంచం కిందికి దూరి
రెండు కళ్ళు మాత్రం బయట పెట్టుకుంది.

పక్కవాటా కోర్లమ్మ చేపల తట్ట దించుతూ నవ్వింది.
"ఏటమ్మా, దానికీ చలానా రాస్తావేటి?
నోటితో కాదు, దాని ముక్కుతో మాటాడాల."
గుప్పెడు ఎండు నెత్తళ్ళు నా కొంగులో పోసింది.

ముక్కని ముక్కు ముందు పట్టి
మెల్లగా నెత్తి మీదుగా వెనక్కి జరపాలి.
కళ్ళు పైకెళ్తాయి, వాటి వెనకే తల,
నడుం తనంతట తనే నేలకి దిగుతుంది.
సరిగ్గా అప్పుడు
"కూర్చో" అనాలి, "భలే" అనాలి, ముక్క ఇవ్వాలి.
రెప్పపాటు ఆలస్యమైతే
లేచినందుకు ఇచ్చినట్టవుతుంది.
ఐదుసార్లు చాలు. ఆరోసారి అడగకూడదు.

నాలుగో రోజు కూర్చుంది.
ఏడో రోజు, గడియ పెట్టడానికి చెయ్యెత్తినా కూర్చుంది.
"ఆగు" కూడా వచ్చింది, గిన్నె ముందు,
తోక ఒక్కటే ఆగకుండా.
నా ఖాకీ జేబు వాసనకి ఎస్సై గారు ముక్కు ఎగబీల్చి
హార్బరు వైపు అనుమానంగా చూశారు.

"రా" మాత్రం రాలేదు.

ఆ మాటతో దాన్ని దేనికి పిలిచానో లెక్కేసుకున్నా.
స్నానానికి. చెవిలో మందుకి.
కొరికిన చెప్పు చూపించి తిట్టడానికి.
నాకు తెలుసు ఆ చేదు.
"వరహాలూ, ఒకసారి ఇటు రా" అని వాకీటాకీ అంటే
నా బూట్లలోనూ సిమెంటు గడ్డకడుతుంది.

"కుళ్ళిన చేపని ఎంత కడిగినా కంపు పోదమ్మా,
కొత్తది తెచ్చుకో" అంది కోర్లమ్మ.
తెచ్చుకున్నాను.
అమ్మ ముద్ద కలిపి పిలిచే మాట:
దా.
దాన్ని వేరే దేనికీ ఖర్చు పెట్టలేదు.
స్నానమైతే నేనే వెళ్ళి ఎత్తుకొచ్చుకున్నాను.
రెండడుగుల నుంచి దా, నెత్తళ్ళు.
గది ఆ చివర నుంచి దా, నెత్తళ్ళు.
మేడ మెట్ల కింద నుంచి దా,
ఈసారి ఉడికిన గుడ్డు సగం.

నిన్న సాయంత్రం లాసన్స్ బే ఇసుకలో తాడు విప్పాను.
పీతల వెంటపడి పడవల నీడల్లోకి పోయింది.
అప్పుడే లంగరేసిన ఓడేదో కూత పెట్టింది.
నల్లటి చుక్క ఒకటి, రోడ్డు వైపు, ఉరుకు.
నా గొంతులోకి విజిలొచ్చింది. మింగాను.
మోకాళ్ళ మీద కూలబడి
కంచం ముందు కూర్చున్నంత మామూలుగా
అన్నాను.

చుక్క ఆగింది.
చెవులు వెనక్కి పడేసి, ఇసుక తన్నుకుంటూ
వచ్చి ఒళ్ళో పడింది.
జేబు తడిమితే మిగిలింది పొడి.
ఆ వేళ్ళే నాకించాను.
అది బాకీ అడగలేదు.

ఇవాళ డ్యూటీలో
ఎర్రదీపం పడగానే ఓ కుర్రాడు
తెల్లగీతకి ఇవతలే, హెల్మెట్‌తో,
ఎవరూ అరవకుండానే బండి ఆపాడు.

నా చెయ్యి
తనంతట తనే జేబులోకి వెళ్ళింది.